అప్‌డేట్: మారతహళ్ళి ఇంట్లో వంటగది తలుపు సంగతి

సంక్రాంతికి నెల్లూరు వెళ్ళినప్పుడు బెంగళూరు మారతహళ్ళిలో మా అద్దె ఇంటి వంటగది తలుపును ఎవరో పెకలించబోయారని, ఏం చేయాలని గత నెలలో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

వడ్రంగి గడియ విప్పి చూపిస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంత బరువైన ఇత్తడి గడియను పట్టి ఉంచినవి అర అంగుళం మరలు నాలుగు, అందులో రెండు తుప్పు పట్టినవి! ఇప్పుడు మూడంగుళాల మరలు ద్వారబంధం దాటి గోడలోకి దిగాయి. ఖర్చు ఇంటి యజమానే భరించారు, గొణుక్కుంటూనే. వీధి తలుపుకు వేలాడే తాళం తీసేసి, తలుపులోనే ఇమిడిపోయే తాళం వేయించాం.

కెమెరా మాత్రం నిరాశపరిచింది. కరెంటు పోగానే అదీ, వైఫై కూడా ఆగిపోయేవి. రెండింటికీ బ్యాటరీ పెట్టాక కుదుటపడింది.

అత్తయ్యగారి నగలు బ్యాంకు లాకరుకు చేరాయి. అక్కడ దొంగతనం జరిగితే బ్యాంకు బాధ్యత లాకరు ఏడాది అద్దెకు 100 రెట్ల వరకేనని 2022 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన. అందుకే నగల ఫొటోలు, బిల్లులు విడిగా దాచాను.

ఉగాదికి మళ్ళీ ఊరు వెళ్తున్నాం. పాల ప్యాకెట్లు ఆపించాను. సాయంత్రం దీపం వేస్తానని ఎదురింటి పిన్నిగారు తాళంచెవి తీసుకున్నారు.