36 లక్షలకి పాత ఎస్-క్లాస్ వస్తోంది: వైజాగ్‌లో పెట్టుకోగలమా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ నుంచి)

అందరికీ నమస్తే. లాసన్స్ బే కాలనీలో తెలిసినవాళ్ల ద్వారా ఒక కారు బేరానికి వచ్చింది. మెర్సిడెస్ ఎస్ 350 డి, 2016 మోడల్, ఏపీ 31 నంబరు, ఇప్పుడున్నది రెండో ఓనరు. మీటరు 58 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. 36 లక్షలు అడుగుతున్నారు, కొంత తగ్గుతారట. కొత్తలో కోటి దాటిన బండి. వెనక సీట్లో కూర్చున్నాక లేవబుద్ధి కాలేదు, నిజం చెప్తున్నా.

నాది రొయ్యల మేత డీలర్‌షిప్. ఇప్పుడు క్రెటా వాడుతున్నాను. అప్పుడప్పుడు భీమవరం వెళ్లిరావడం, మిగతా రోజులు ఊళ్లోనే తిరుగుడు. మా ఆవిడ అదే డబ్బుకి కొత్త ఇన్నోవా హైక్రాస్ తీసుకోమంటోంది. మా నాన్నగారైతే "ఏనుగుని కొంటావు సరే, మేత ఎవడు పెడతాడు?" అంటున్నారు. మేత అమ్మేవాడిని నన్నే అడుగుతున్నారు!

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. కొన్నాక ఇంకా ఎంత పెట్టాల్సి వస్తుంది? కొనేముందు ఏం చూసుకోవాలి?

జవాబు (గాజువాక ఆటోనగర్, జర్మన్ కార్ల పని చేస్తాను)

సార్, కారు ధర మూడో వంతుకి పడింది గానీ దాని స్పేర్ల ధర పడలేదు. మీకు వచ్చే బిల్లు 36 లక్షల కారు బిల్లు కాదు, కోటి రూపాయల కారు బిల్లే. ఇది ఒప్పుకోగలిగితేనే మిగతా మాటలు.

ఈ కారుకి మామూలు స్ప్రింగులు ఉండవు. నాలుగు చక్రాల దగ్గరా గాలి నిండిన రబ్బరు బెలోలు, వాటికి గాలి కొట్టే కంప్రెసర్ ఒకటి. ఎయిర్‌మాటిక్ అంటారు. రబ్బరు కిలోమీటర్లని బట్టి కాదు, ఏళ్లని బట్టి చెడుతుంది. కాబట్టి 58 వేలే తిరిగిందని సంబరపడకండి, దీని రబ్బరుకి దాదాపు పదేళ్ల వయసు. ఎక్కడో సన్నగా గాలి పోతూ ఉంటే కంప్రెసర్ ఆ లోటు పూడ్చడానికి ఆగకుండా తిరిగి తిరిగి అదీ కాలిపోతుంది. ఒక్క మూల ఒరిజినల్ స్ట్రట్ (బెలో, షాకబ్జార్బర్ కలిసిన భాగం) మార్చాలంటేనే లక్ష దాటుతుంది.

దీన్ని కనిపెట్టడానికి మెషీన్ అక్కర్లేదు, టేపు చాలు. సాయంత్రం చదునుగా ఉన్న చోట కారు ఆపించండి. ఒక్కో చక్రం నడిమధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా కొలిచి నాలుగు అంకెలూ రాసుకోండి. పొద్దున్నే ఎవరూ డోరు తియ్యకముందే మళ్లీ కొలవండి. నాలుగు మూలలూ కాస్త సమానంగా దిగితే కంగారు లేదు. ఒకే మూల కూలబడి ఉంటే అక్కడ లీకు. మీరు వెళ్లేసరికే ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచితే మాత్రం ఆ రోజు చూడటం దండగ, కారు అప్పటికే లేచి నిలబడి ఉంటుంది.

ఇక ఇంజన్. ఓఎం 642 అనే 3 లీటర్ల వీ6 డీజిల్. గట్టి ఇంజనే, కాకపోతే దాని జబ్బు ఏటంటే ఆయిల్ కూలర్ సీళ్లు. ఆ కూలర్ రెండు సిలిండర్ వరసల నడుమ సందులో, టర్బో, మానిఫోల్డుల కింద కూర్చుని ఉంటుంది. సీళ్ల ఖరీదు పెద్దదేం కాదు. అక్కడిదాకా చెయ్యి పోవాలంటే పైనున్నదంతా విప్పాలి, బిల్లంతా కూలీయే. కారిన ఆయిల్ వెనక్కి పాకి ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య తడిగా కనిపిస్తుంది. "అదేదో చిన్న సీలు సార్" అని ఎవరైనా అంటే నమ్మకండి. లిఫ్ట్ మీద పెట్టి కింది ప్లాస్టిక్ కవరు విప్పించి మీ కళ్లతో చూడండి. ఇంజన్ అంతా నీటుగా కడిగేసి చూపిస్తే మాత్రం నాకు ఇంకా అనుమానం.

లాసన్స్ బే అంటున్నారు కాబట్టి ఇంకొకటి. సముద్రం గాలికి నిలబెట్టిన కార్లలో వైరింగ్ కనెక్టర్లు, ఏసీ కండెన్సర్, సైలెన్సర్ క్లాంపులు ముందు పోతాయి. బ్రేక్ డిస్కు మీద పైపైన తుప్పు మామూలే, నాలుగు బ్రేకులు కొడితే పోతుంది. అంచుల్లో పెచ్చులు లేస్తే మార్చాల్సిందే.

కంపెనీ వర్క్‌షాప్‌లో జెంట్రీ స్కాన్, అంటే మెర్సిడెస్ వాళ్ల కంప్యూటర్ పరీక్ష, చేయించండి. కిలోమీటర్ల లెక్క మీటరు బోర్డులోనే కాదు, లోపల వేరే కంప్యూటర్ మాడ్యూళ్లలోనూ ఉంటుంది. పాత ఫాల్టులు ఎన్ని కిలోమీటర్ల దగ్గర పడ్డాయో కూడా వస్తుంది. మీటరు 58 చూపిస్తూ లోపల 90 వేల దగ్గర పడ్డ ఫాల్టు ఉంటే కథ తెలిసిపోయినట్టే. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు కూడా అడగండి.

జవాబు (సీతమ్మధార)

అన్నీ చెప్పారు గానీ, కారు పెట్టడానికి చోటు ఉందా అని ఎవరూ అడగలేదు. ఈ కారు పొడవు 5.2 మీటర్ల పైమాట, అంటే 17 అడుగులు దాటుతుంది. వెడల్పు అద్దాలు కాకుండానే 1.9 మీటర్లు. ఎంవీపీలో మీది అపార్ట్‌మెంటైతే ముందు టేపు పట్టుకుని కిందకి దిగండి. పిల్లర్ల మధ్య దూరితే చాలదు, డోరు తెరుచుకుని మనిషి దిగాలి కదా. సెల్లార్ ర్యాంపు నిటారుగా ఉంటే అడుగు భాగం గీసుకుంటుంది. సస్పెన్షన్ పైకి లేపే బటన్ ఉంది, రోజూ అదే నొక్కుకుంటూ దిగుతారా?

ప్రశ్నించినవారు

ఇండిపెండెంట్ ఇల్లే అండీ, పోర్టికో ఉంది. అయినా కొలిచాను. కారు పెట్టి గేటు వెయ్యాలంటే తులసికోట తీయాలి. అమ్మ ఒప్పుకోదు :)

జవాబు (బీమా సర్వే పని చేస్తాను, డాబా గార్డెన్స్)

ఇన్సూరెన్స్ గురించి చాలామంది కొన్నాకే ఆలోచిస్తారు. మీరు ముందే ఆలోచించండి.

నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కారుది కాదు, మనిషిది. అమ్మేవాళ్లకి 50 శాతం ఉన్నా అది వాళ్లతోనే వెళ్లిపోతుంది. కాబట్టి వాళ్లు కడుతున్న ప్రీమియం చూసి లెక్క వేసుకోకండి. ఓనర్‌షిప్ మారిన 14 రోజుల్లోగా పాలసీ మీ పేరు మీదకి మార్చమని దరఖాస్తు పెట్టండి. థర్డ్ పార్టీ కవరు దానంతటదే మీకు వస్తుంది గానీ, పాలసీ మారేలోపు మీ కారుకి దెబ్బ తగిలితే క్లెయిమ్ దగ్గర పేచీ తప్పదు.

అసలు పెద్ద విషయం జీరో డెప్, అంటే పార్టుల ధరలో తరుగు కోయకుండా కట్టే అదనపు కవరు. ఇంత వయసున్న కారుకి చాలా కంపెనీలు ఇవ్వవు. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖరీదులో సగం మీ జేబులోంచే. మెటల్ భాగాలకి కారు వయసు 5 నుంచి 10 ఏళ్ల మధ్య అయితే 40 శాతం, 10 దాటితే 50 శాతం తరుగు కోస్తారు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఆటోవాడు ముందు బంపర్, హెడ్‌లైటు గీరి వెళ్లిపోయాడనుకోండి. ఆ ఎల్ఈడీ హెడ్‌లైటు ఒక్కటే లక్షల్లో ఉంటుంది. బీమా ఉండి కూడా మీరు కట్టేది చూసుకుంటే తల తిరుగుతుంది. పాలసీ తీసుకునేటప్పుడు ఇంజన్ ప్రొటెక్ట్ ఇస్తారేమో అడగండి. నీళ్లలో స్టార్ట్ చేసి ఇంజన్ పోతే మామూలు పాలసీ సాధారణంగా కట్టదు.

మీ బండి ఊళ్లోదే కాబట్టి పర్లేదేమో గానీ, బయట ఊరి కార్లు చూస్తున్నవాళ్లకి ఒక హెచ్చరిక. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం. 2023 డిసెంబరులో చెన్నైలోనూ అంతే. అలా మునిగిన కార్లు టోటల్ లాస్ అయి, వేలంలో పోయి, తళతళలాడుతూ మళ్లీ మార్కెట్లోకి వస్తాయి. సీట్లు షాంపూ చేస్తారు, కార్పెట్ మారుస్తారు. సీట్ బెల్టు చివరిదాకా లాగితే మాత్రం లోపల చుట్టుకుని ఉండే భాగంలో బురద గీత దొరుకుతుంది. అది కడగాలని ఎవరికీ తట్టదు. స్పేర్ వీల్ గుంత అడుగున ఒండ్రు, సీటు కింది బోల్టుల మీద తుప్పు కూడా చూడండి. ఇలాంటి కార్లలో కంట్రోల్ మాడ్యూళ్లు కార్పెట్ల కింద కూడా ఉంటాయి. నీళ్లు తాగినవి ఆరు నెలలు బాగానే ఉండి ఆ తర్వాత ఒక్కొక్కటీ మొరాయిస్తాయి.

జవాబు (రుషికొండ)

అందరూ భయపెట్టేస్తున్నారు. నేను పాత జర్మన్ సెడాన్ ఒకటి కొన్నేళ్లుగా వాడుతున్నాను, అది ఎస్-క్లాస్ కాదు. హనుమంతవాక దాటి ఆనందపురం వైపు హైవే ఎక్కితే ఆ సుఖం వేరే బండిలో రాదు. భయపడి వదిలేస్తే జీవితంలో ఇంకెప్పుడు కొంటాం?

అయితే ఒక షరతు. ఇది ఇంట్లో రెండో కారు కావాలి. నాది ఒకసారి వర్క్‌షాప్‌కి వెళ్తే పార్టు వచ్చేదాకా అక్కడే. ఆ రోజుల్లో ఆఫీసుకి ఇంట్లోని స్విఫ్టే దిక్కు. క్రెటా అమ్మేసి ఇది కొందామనుకుంటే వద్దు. క్రెటా ఉంచుకుని, 36 కాకుండా ఇంకో 5 లక్షలు ముట్టుకోకుండా బ్యాంకులో పెట్టుకోగలిగితే కొనండి. ఆ 5 లక్షల కోసం లోన్ పెట్టాల్సి వస్తే మీ ఆవిడ మాట వినండి.

జవాబు (మధురవాడ, ట్యాక్స్ కన్సల్టెంట్)

కాగితాల సంగతి. ఆర్సీలో హైపోథికేషన్ (కారు మీద బ్యాంకు లోన్) ఉందేమో ఎంపరివాహన్ యాప్‌లో చూడండి. ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. బదిలీకి ఫారం 29, 30. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, అంటే 2031 దాకా చెల్లుతుంది. తర్వాత రెన్యూ చేయించుకోవచ్చు.

వేరే రాష్ట్రం బండి చౌకగా వస్తోందని ఎవరైనా అంటే లైఫ్ ట్యాక్స్ కలిపి చూడండి. 12 నెలలకి మించి ఇక్కడ ఉంచాలంటే ఏపీ నంబరు తీసుకోవాలి, ట్యాక్స్ ఇక్కడ మళ్లీ కట్టాలి. కోటి రూపాయల ఇన్‌వాయిస్ ఉన్న కారుకి వయసు తగ్గింపు పోగా కూడా అది చిన్న మొత్తం కాదు. ఢిల్లీలో పదేళ్ల డీజిల్ కార్ల గొడవ వల్ల అక్కడి నుంచి వచ్చేవాటి ధర చూసి మోసపోకండి.

అమ్మేవాళ్లు సగం క్యాష్ అడిగితే ఒప్పుకోవద్దు. ఒక లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం. జరిమానా తీసుకున్నవాళ్లకే, కానీ ఇంత పెద్ద కొనుగోలుకి మీ దగ్గర బ్యాంకు రికార్డు లేకపోవడం మీకూ మంచిది కాదు.

బేరానికి పనికొచ్చేది ఇంకొకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లకి సెస్ తీసేసి జీఎస్టీ 40 శాతం చేశారు. అంతకుముందు సెస్‌తో కలిపి 45 నుంచి 50 శాతం దాకా పడేది. కొత్తవి తగ్గాక పాతవి పాత ధరకే ఎందుకు అమ్ముడుపోవాలి?

ప్రశ్నించినవారు

అందరికీ థ్యాంక్స్. ఆటోనగర్ సార్ చెప్పినట్టు సాయంత్రం టేపుతో కొలిచి, పొద్దున్నే వాళ్లు లేవకముందే వెళ్లి వాచ్‌మన్‌ని బతిమాలుకుని మళ్లీ కొలిచాను. మూడు మూలలు దాదాపు అంతే ఉన్నాయి. వెనక ఎడమ వైపు మాత్రం రెండు వేళ్లు దిగింది. ఓనరు గారిని అడిగితే "చలికి అలా అవుతుందండీ" అన్నారు. ఇది నిజమేనా? లక్షన్నర తగ్గిస్తామంటున్నారు. కంపెనీ వర్క్‌షాప్‌లో స్కాన్ మాత్రం వద్దంటున్నారు, "మా మెకానిక్ చూశాడు కదా" అని.

జవాబు (గాజువాక ఆటోనగర్)

వైజాగ్‌లో చలేంటి సార్! చలికైనా నాలుగూ దిగాలి గానీ వెనక ఎడమదొక్కటే ఎందుకు దిగుతుంది? అది లీకే. సబ్బు నీళ్లు కొడితే బుడగలు కూడా కనిపిస్తాయి.

లీకు ఉందని కారు వదిలేయక్కర్లేదు. రాసిచ్చిన ఎస్టిమేట్ తెచ్చుకుని, వెనక రెండు వైపులా, కంప్రెసర్ కలిపి అంత ధర తగ్గించమనండి. ఒక్కవైపు పోయిందంటే రెండోది కూడా అదే వయసుది. లక్షన్నరతో అది తెమలదు.

స్కాన్ వద్దన్నారంటే మాత్రం నేనైతే అక్కడితో ఆపేస్తాను. గంట పని, ఖర్చు మీది, వాళ్లకి పోయేదేం లేదు. ఎందుకు వద్దంటున్నారో మీకే అర్థమవుతుంది.

ప్రశ్నించినవారు

సరేనండీ, ఇంకోసారి అడిగి చూస్తాను. ఒప్పుకోకపోతే వదిలేస్తాను. ఈలోగా సిరిపురంలో ఒక ఇ-క్లాస్ 220 డి బీఎస్6 ఉందన్నారు, 2020ది. అది కొంచెం తేలికా?

జవాబు (గాజువాక ఆటోనగర్)

మీ తిరుగుడికి ఆ ఎస్-క్లాస్ కంటే ఇదే నయం. నాలుగు సిలిండర్ల ఇంజన్, టైర్లు, బ్రేకులు అన్నీ ఒక మెట్టు తక్కువ ఖర్చు. కానీ బీఎస్6 డీజిల్‌కి డీపీఎఫ్ (పొగలో మసి పట్టే ఫిల్టర్) ఉంటుంది, పొగ శుద్ధికి యాడ్‌బ్లూ అనే ద్రవం కూడా పొయ్యాలి. ఎంవీపీ నుంచి సిరిపురం, సిరిపురం నుంచి ఎంవీపీ అని పది నిమిషాల తిరుగుళ్లే తిరిగితే ఆ ఫిల్టర్లో మసి కాలదు, పేరుకుపోతుంది. వారానికోసారైనా అనకాపల్లి దాకా హైవే మీద తీసుకెళ్లాలి. భీమవరం ప్రయాణాలకి అదే వాడండి, సరిపోతుంది.

ఆ బండికి స్ప్రింగులా, ఎయిరా అన్నది వేరియంట్‌ని బట్టి. వీఐఎన్ (ఛాసిస్) నంబరు పంపండి, చూసి చెప్తాను. టేపు మాత్రం తీసుకెళ్లండి.