జామకాయతో రక్తం పడుతుందా? ఎప్పుడు, ఎలా పెట్టాలి?

గుంటూరు_అమ్మ: పాపకి 14 ఏళ్లు. హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది. డాక్టర్ ఐరన్ మాత్రలు రాశారు. జామకాయ తింటే రక్తం పడుతుందని అందరూ అంటున్నారు. స్కూల్ నుంచి వచ్చాక సాయంత్రం రోజూ ఒకటి పెడుతున్నాను. ఎర్ర జామ అయితే మేలా? తొక్క తీయాలా?

పోషణ_లెక్కలు: జామకాయలో ఐరన్ చాలా తక్కువండీ, 100 గ్రాములకి అర మిల్లీగ్రాము కూడా ఉండదు. దాని బలమంతా విటమిన్ సి. 100 గ్రాముల్లో 200 మి.గ్రా. పైనే ఉంటుంది, కమలాపండులో 50 దరిదాపుల్లోనే. పప్పు, రాగి, తోటకూరల్లో ఐరన్ ఉన్నా ఫైటేట్ల (గింజల్లో, పప్పుల్లో సహజంగా ఉండే పదార్థాల) లాంటివి దాన్ని పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వవు. విటమిన్ సి ఆ పట్టు విడిపిస్తుంది. కాకపోతే రెండూ కడుపులో ఒకేసారి ఉండాలి. సాయంత్రం విడిగా తిన్న జామకాయ మధ్యాహ్నం తిన్న పప్పన్నానికి అక్కరకు రాదు. భోజనంతోనే పెట్టండి, మామూలు సైజు కాయలో సగం నుంచి ఒకటి చాలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలోనూ అన్నంతో పాటు జామ తిన్న పిల్లల్లో ఐరన్ బాగా ఎక్కువగా ఒంటపట్టింది.

భోజనం చేస్తూనో, చేసిన వెంటనేనో టీ తాగితే ఈ లాభం చాలావరకు పోతుంది. కనీసం గంట ఎడం ఉండాలి. మాత్రలు మాత్రం ఆపొద్దు, జామ వాటికి బదులు కాదు. మాత్రను పాలతో, కాల్షియం మాత్రతో కలిపి వేయకండి.

జామతోట_రైతు: రంగు గురించి: ఎర్ర గుజ్జులో ఆ రంగునిచ్చే లైకోపీన్ అనే పదార్థం ఉంటుంది, తెల్లదాంట్లో దాదాపు ఉండదు. విటమిన్ సి మాత్రం రెండింట్లోనూ దండిగానే ఉంటుంది కాబట్టి మీ అవసరానికి ఏదైనా ఒకటే. అలహాబాద్ సఫేదా, లక్నో-49, తైవాన్ పింక్, ఏది తాజాగా దొరికితే అది కొనండి. చూడాల్సింది పక్వం. వగరుగా ఉన్న పచ్చికాయల్లో టానిన్లు ఎక్కువ, అవి ఐరన్‌ను పట్టేస్తాయి, మలబద్ధకమూ చేస్తాయి. మెత్తబడి వాసన మారినదాంట్లో విటమిన్ సి తగ్గిపోతుంది. ముదురాకుపచ్చ పోయి లేత పసుపు తిరిగి, నొక్కితే కొంచెం లొంగే దోరకాయ సరైనది. తొక్క తీయొద్దు, విటమిన్ సి తొక్కలోనూ దాని కిందే ఎక్కువ. పారే నీళ్ల కింద చేత్తో రుద్ది కడిగితే చాలు.

గుంటూరు_అమ్మ: థాంక్సండీ. మధ్యాహ్నం స్కూల్లోనే తింటుంది. ముక్కలు కోసి బాక్సులో పెట్టొచ్చా? జ్యూస్ చేసి పంపనా?

పోషణ_లెక్కలు: కోసిన చోటల్లా గాలి తగిలి విటమిన్ సి తగ్గుతూ ఉంటుంది, ముక్క ఎంత చిన్నదైతే నష్టం అంత ఎక్కువ. చిన్న కాయ చూసి కడిగి, తుడిచి, కాయగానే పంపండి, కొరుక్కు తింటుంది. జ్యూస్ వద్దు. వడకడితే పీచు పోతుంది, పంచదార చేరుతుంది, భోజనం వేళకి విటమిన్ సి కూడా తగ్గుతుంది. ఉడికించిన జామ్, జెల్లీ ఈ పనికి అసలే పనికిరావు.

జామతోట_రైతు: ఇంట్లో పెద్దవాళ్లకీ పెడతారు కదా, ఒక్క మాట. పళ్లు కదిలేవాళ్లకి గింజల భాగం చెంచాతో తీసేసి పెట్టండి. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమని చెప్పినవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా తినకూడదు, 100 గ్రాముల్లో 400 మి.గ్రా. దాకా ఉంటుంది. బీపీ ఉంటే ఉప్పు కారం అద్దుకోకుండా తినాలి.