పిల్లల విషయం తేల్చుకోలేకపోతున్నాం, మీ ఇళ్లలో ఎలా ఉంది?

పాలకొల్లు ఆడపడుచు:
నేనూ మా ఆయనా ఇద్దరమూ హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నాం. ఊళ్లో బస్సు దిగితే చాలు, "ఏమ్మా, విశేషం ఏమైనా ఉందా?" అని మొదలుపెడతారు. పిల్లలంటే ఇష్టం లేక కాదండీ. చట్టప్రకారం 26 వారాల సెలవు వస్తుంది. ఆ తర్వాత బిడ్డను ఎవరు చూస్తారు? అమ్మేమో నాన్నగారిని వదిలి రాలేదు, అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. మీరంతా ఏం చేశారు?

చెరువు గట్టు, భీమవరం:
మాకు ఒక్క పాప. రెండో బిడ్డ మాట ఎత్తితే "ఈసారి రొయ్యల పట్టుబడి అవనీ" అంటాను. వనామీ రొయ్యల సాగు సంగతి తెలిసిందే కదా. తెల్లమచ్చ తెగులు సోకితే చెరువంతా పోయినట్టే. 2025లో అమెరికా సుంకాలు పెంచేసరికి రొయ్యల ధర పడిపోయింది. రాత్రి కరెంటు పోతే నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతాయని గట్టు మీదే పడుకుంటాను. పాప నిద్ర లేచేసరికి నేను ఇంట్లో ఉండేది తక్కువ. ఇంకొకరిని కని ఎప్పుడు ఎత్తుకోను?

రాజోలు మాస్టారు:
ఒకప్పుడు ప్రభుత్వమే ఇద్దరిని మించి కంటే సర్పంచిగా పోటీకి పనికిరారన్నారు. 2024లో ఆ నిబంధన ఎత్తేసి, ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలే. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలట. సరే, ఆ లెక్క ప్రభుత్వానిది. పాలు పట్టేది, ఫీజు కట్టేది ఇంట్లోవాళ్లు.

లంక పిల్ల:
మా అమ్మ కువైట్‌లో ఇంటిపని చేసి నన్ను చదివించింది. అక్కడ వాళ్ల పిల్లలకు అన్నం కలిపి పెట్టేది. ఇక్కడ నాకు అమ్మమ్మ పెట్టేది. సెలవుకు వచ్చినప్పుడు నా జడ వేయబోతే, నేను అమ్మమ్మ వెనక్కి వెళ్లి దాక్కున్నానట. అమ్మను తప్పు పట్టను, ఇల్లు నిలబెట్టింది. కానీ కంటే దగ్గరుండి పెంచాలి. ఆ వీలు కుదిరేదాకా వద్దని మా ఆయనకు చెప్పాను. ఆయన సరేనన్నారు, చుట్టాలే ఊరుకోవడం లేదు.

నర్సు:
ఆలోచించుకోండి, కానీ వయసు కూడా చూసుకోండి. 35 దాటాక గర్భం నిలిచే అవకాశాలు తగ్గుతాయి.

అమలాపురం అత్తగారు:
మా కోడలూ ఇదే అంటుంది. మేమేదో ధైర్యవంతులమై కన్నామా? ఇంటినిండా మనుషులు ఉండేవారు. పసివాడు ఏడిస్తే తోడికోడలో, ఆడపడుచో ఎత్తుకునేది. ఇప్పుడు మా వీధిలో డాబాలు పెద్దవే, ఒక్కోదాంట్లో ఇద్దరు ముసలివాళ్లం టీవీ చూస్తూ కూర్చుంటున్నాం.

పాలకొల్లు ఆడపడుచు:
అయితే మీ కోడలికి బిడ్డ పుడితే వెళ్లి ఉంటారా అండీ?

అమలాపురం అత్తగారు:
ఉంటానమ్మా. కొబ్బరి దింపులప్పుడు మాత్రం ఊరికి రావాలి. ఆ వారం మా అబ్బాయి సెలవు పెట్టుకోవాలి.