టెక్సాస్‌లో రోజూ వెంట పెట్టుకోడానికి ఫుల్ సైజ్ గన్, .45 గానీ 10 ఎంఎం గానీ, ఎవరైనా క్యారీ చేస్తున్నారా?

ఇర్వింగ్_తెలుగోడు:

అందరికీ నమస్తే. మేం డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం, గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి గన్ కొనడానికి స్టేటస్ పరంగా ఇబ్బంది లేదు. మా బావకి గ్యాస్ స్టేషన్ ఉంది, వీకెండ్ రాత్రుళ్ళు క్లోజింగ్ నేనే చూస్తా, తాళం వేసి క్యాష్ బ్యాగ్ పట్టుకుని కారు దాకా నడిచే ఆ పార్కింగ్ లాట్ అంటేనే నాకు టెన్షన్. మన స్టూడెంట్స్ మీద స్టోర్లలో కాల్పులు అని న్యూస్ వచ్చినప్పుడల్లా అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి మానెయ్యమంటుంది. మానేసే పరిస్థితి లేదు, అందుకే ఒకటి కొని రోజూ వెంట పెట్టుకుందాం అనుకుంటున్నా.

రేంజ్‌లో రెంట్‌కి తీసుకుని కొన్ని కాల్చి చూశా. సిగ్ పీ365 నా చేతికి మరీ చిన్నది, పేలిన ప్రతిసారీ పైకి లేచిపోతోంది. స్టీల్ 1911 అనే మోడల్, .45 క్యాలిబర్ (అంటే బుల్లెట్ మందం 0.45 ఇంచు), అది మాత్రం ఆ బరువుకి దెబ్బ మెత్తగా తగిలింది, బుల్లెట్లన్నీ ఒకే చోట పడ్డాయి. గ్లాక్ 20, 10 ఎంఎం, గట్టిగా తన్నింది కానీ పక్క లేన్‌లో ఉన్న పెద్దాయన "మోస్తే పెద్దదే మొయ్యి, తగిలితే ఒక్క దెబ్బకి పడాలి" అన్నాడు, అప్పటి నుంచి మనసు దాని మీదకే పోతోంది.

నా డౌట్లు ఏంటంటే ఇక్కడ జులైలో 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినప్పుడు టీషర్ట్ కింద ఇంత పెద్దది దాగుతుందా, కారులో గంటలు కూర్చుంటే ఎలా, నిజంగా అంత పవర్ అవసరమా. ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది, మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. రోజూ క్యారీ చేసేవాళ్ళు చెప్పండి, కొత్తవాడికి అర్థమయ్యేలా.

కేటీ_మామ:

బ్రో నువ్వు రెండు విషయాలు కలిపేస్తున్నావ్. సైజు వేరు, పవర్ వేరు. ఫుల్ సైజ్ గన్ బాగా కాల్చగలిగావు అంటే అది నిజమే, బరువు ఎక్కువ ఉంటే తన్ను తక్కువ, గ్రిప్ నిండుగా ఉంటే చెయ్యి జారదు, బ్యారెల్ పొడుగుంటే ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం పెరిగి గురి తేలికవుతుంది. అంతవరకు ఆ పెద్దాయన మాట కరెక్టే. కానీ ఫుల్ సైజ్ కావాలంటే .45, 10 ఎంఎం అవ్వాల్సిన పని లేదు కదా, గ్లాక్ 17 కూడా ఫుల్ సైజే, 9 ఎంఎం, 17 రౌండ్లు పడతాయి.

ఒక్క దెబ్బకి పడటం అనేది మాత్రం మర్చిపో. ఏ హ్యాండ్‌గన్ అయినా రైఫిల్ ముందు బలహీనమే. మెదడుకో వెన్నుపాముకో తగిలితే తప్ప మనిషి అక్కడికక్కడే ఆగడు, మిగతాదంతా రక్తం పోవడం మీద ఆధారపడి ఉంటుంది, దానికి టైం పడుతుంది. అందుకే ఎక్కడ తగిలింది, ఎన్ని తగిలాయి అన్నదే ముఖ్యం. ఎఫ్‌బీఐ వాళ్ళ కథే చూడు. 1986 ఏప్రిల్ 11న మయామిలో బ్యాంకు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఒక దొంగకి తగిలిన 9 ఎంఎం బుల్లెట్ ఒకటి గుండె దాకా వెళ్ళకుండా ఆగిపోయింది, వాడు ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. దాంతో పెద్ద క్యాలిబర్ కావాలని 10 ఎంఎం తీసుకున్నారు, ఆ తన్నుకి చాలామంది ఏజెంట్లు సరిగ్గా కాల్చలేకపోతున్నారని లోడ్ (బుల్లెట్‌ని తోసే మందు జోరు) తగ్గించారు, ఆ తగ్గించిన లోడ్ నుంచే 1990లో .40 క్యాలిబర్ పుట్టింది, చివరికి బుల్లెట్ల తయారీ బాగుపడ్డాక 2014లో 9 ఎంఎం చాలని వాళ్ళ ట్రైనింగ్ డివిజనే రాసింది, 2016లో గ్లాక్‌కి 9 ఎంఎం కాంట్రాక్ట్ ఇచ్చారు. ఉద్యోగంలో భాగంగా కాల్చే వాళ్ళే ఇలా ఒక చుట్టు తిరిగి వెనక్కి వచ్చారంటే రాత్రి స్టోర్ మూసి ఇంటికి పోయే మనకి 10 ఎంఎం దేనికి? అలాస్కాలో ఎలుగుబంట్లు ఉన్న చోట హైకింగ్‌కి పోతే అప్పుడు తీసుకో, అక్కడ అది సరైన గన్.

ఇక దాచడం. అందరూ బ్యారెల్ పొడుగు చూసి భయపడతారు, అది ప్యాంటు లోపలికి పోతుంది, బయటికి కనపడదు. టీషర్ట్ మీద ఉబ్బుగా కనిపించేది గ్రిప్ కింది అంచు. గ్లాక్ 17కీ, దానికంటే కాస్త చిన్నదైన గ్లాక్ 19కీ ఎత్తులో అర ఇంచు కూడా తేడా లేదు, కానీ ఆ కాస్త తేడాకే వంగినప్పుడు పొడుచుకొస్తుంది. అందుకే షాపులో పొట్టి బ్యారెల్‌కి ఫుల్ గ్రిప్ పెట్టిన మోడల్ చూపిస్తే దాచడానికి అది తలకిందుల బేరం అని గుర్తుపెట్టుకో.

బరువు లెక్క కూడా చూసుకో. స్టీల్ 1911 ఖాళీదే 1.1 కేజీ ఉంటుంది, పట్టేది 7 లేదా 8 రౌండ్లు. గ్లాక్ 17 నిండా లోడ్ చేస్తే 900 గ్రాముల పైచిలుకు. మామూలు లెదర్ బెల్ట్‌తో ఇవేవీ నిలబడవు, మధ్యాహ్నానికి ప్యాంటు కిందికి లాగేస్తుంది. గట్టి గన్ బెల్ట్, ట్రిగ్గర్ పూర్తిగా కప్పే కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్, అంటే గన్ పెట్టుకునే ఒర, వీటికి డబ్బు మిగుల్చుకుని గన్ కొను. చాలామంది పెద్ద గన్ కొని చవక హోల్‌స్టర్ పెట్టుకుని, నొప్పి పుట్టి, నెల తిరక్కుండా ఇంట్లో వదిలేసి తిరుగుతారు. ఇంట్లో సేఫ్‌లో ఉన్న 1911 కంటే నడుముకి ఉన్న చిన్న 9 ఎంఎం నయం, ఇది నా గట్టి అభిప్రాయం.

ఓరుగల్లు_ప్లేనో:

అన్నా గన్ సైజు ముచ్చట తర్వాత, ముందుగాల చట్టం ముచ్చట జెప్త, ఎందుకంటే మనోళ్ళు దీన్ల దెబ్బతింటున్నరు. నీకు గ్రీన్ కార్డ్ ఉంది మంచిదే. గానీ మీ బావ స్టోర్ల ఎఫ్-1, హెచ్-1బి మీద ఉన్నోళ్ళు ఎవరన్న ఉంటే కౌంటర్ కింద గన్ పెట్టి "అవసరమైతే తీస్కో" అని అస్సలు చెప్పొద్దు. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నోళ్ళు గన్ గానీ ఒక్క బుల్లెట్ గానీ దగ్గర పెట్టుకునుడే ఫెడరల్ నేరం, 15 ఏళ్ళ దాక జైలు, తెలిసి ఇచ్చినోళ్ళకి కూడ అంతే. రేంజ్‌ల చేత పట్టుకున్నా అదే లెక్క. హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది గానీ లాయర్‌ను అడగకుండ దాని మీద ధైర్యం చెయ్యొద్దు.

రెండోది, 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌ల 21 దాటినోళ్ళకి పర్మిట్ లేకున్నా క్యారీ చెయ్యొచ్చు, అందుకే అందరు ఎల్‌టీసీ (లైసెన్స్ టు క్యారీ, టెక్సాస్ ఇచ్చే గన్ లైసెన్స్) ఎందుకంటరు. ఎందుకంటే స్కూల్‌కి 1000 అడుగుల లోపల గన్‌తో ఉండుడు ఫెడరల్ చట్టం ప్రకారం తప్పు, ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నోళ్ళకే మినహాయింపు. నీకు పాప ఉన్నది, రేపు స్కూల్‌ల దింపాలె. క్లాసు, రాత పరీక్ష, కాల్చే పరీక్ష 50 రౌండ్లు, 3, 7, 15 గజాల నుంచి, ఫీజు 40 డాలర్లు, అంతే. తీస్కో అన్నా, ఆలోచించకు.

గన్ తేవద్దని షాపుల ముందల పెట్టే బోర్డులు గూడ చదువుడు నేర్సుకో, వాటి మీద టెక్సాస్ చట్టం సెక్షన్ నంబర్ ఉంటది. 30.05 లైసెన్స్ లేనోళ్ళకి, 30.06 లైసెన్స్ ఉండి దాచి పెట్టుకునేటోళ్ళకి, 30.07 బయటికి కనపడేటట్టు పెట్టుకునేటోళ్ళకి. ఎర్రటి 51% బోర్డు ఉన్న బార్లకి (ఆదాయంల సగానికి మించి మందు అమ్మకం నుంచే వచ్చేటివి) గన్‌తో పోవద్దు. యూఎస్‌సీఐఎస్ ఆఫీసుకి సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి పోయేటప్పుడు కూడ అంతే, అది ఫెడరల్ బిల్డింగ్.

ఇగ అసలు భయం న్యూజెర్సీ. మనోళ్ళందరికి ఎడిసన్‌ల చుట్టాలుంటరు గదా, రోడ్ ట్రిప్ అని కార్ల గన్ ఏస్కొని పోతే టెక్సాస్ లైసెన్స్ ఆడ చెల్లదు. బయట గన్ క్యారీ చేసుడు హక్కు అని 2022ల సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసుల తీర్పు ఇచ్చినంక అక్కడ గూడ పర్మిట్లు ఇస్తున్నరు, గానీ వాళ్ళ పర్మిట్ వాళ్ళదే. పర్మిట్ లేకుండ హ్యాండ్‌గన్‌తో దొరికితే సెకండ్ డిగ్రీ నేరం, 5 నుంచి 10 ఏళ్ళు. మ్యాగజైన్ పరిమితి 2018 చట్టంతోనే 10 రౌండ్లకి తెచ్చిన్రు, హాలో పాయింట్ బుల్లెట్ల (మొన బోలుగ ఉండి, తగిలినంక విచ్చుకునేటివి) మీద వేరే రూల్ ఉంది. గ్రీన్ కార్డ్ మీద ఉన్నోళ్ళకి గన్ కేసుల శిక్ష పడితే డిపోర్ట్ చెయ్యడానికి అదొక్కటి చాలు. ఇన్నేళ్ళు క్యూల నిలబడి తెచ్చుకున్న కార్డు అది, దయచేసి గుర్తుపెట్టుకో.

రౌండ్‌రాక్_అమ్మ:

నేను రోజూ క్యారీ చేస్తానండి, ఆడవాళ్ళు కూడా చదువుతారని రాస్తున్నా. పవర్ గురించి మాట్లాడేటప్పుడు చెవుల సంగతి ఎవరూ చెప్పరు. హ్యాండ్‌గన్ శబ్దం 150 డెసిబెల్స్ దాటుతుంది, 140 దాటితేనే చెవికి శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు. రేంజ్‌లో చెవులు మూసుకుని కాలుస్తాం కాబట్టి తెలీదు, మూసిన గదిలో, కారులో 10 ఎంఎం పేలితే పక్కన ఉన్న చిన్నపిల్ల పరిస్థితి ఆలోచించండి. బుల్లెట్ గోడ దాటి వెళ్ళేది కూడా చూడాలి, ఇక్కడ గోడలు జిప్సమ్ షీట్లే. ఎఫ్‌బీఐ జెల్ టెస్ట్‌లో (ఒంటి కండలాంటి జెల్ దిమ్మలోకి కాల్చి చూసేది) 12 నుంచి 18 ఇంచుల మధ్య ఆగేది మంచి బుల్లెట్ అంటారు, డిఫెన్స్‌కి అలా తయారైన హాలో పాయింట్ వాడండి, ప్రాక్టీస్ చేసే మామూలు బుల్లెట్ కాదు.

పాప గురించి. టెక్సాస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేస్తే పెద్దవాళ్ళ మీద కేసు పెడతారు. కేసు సంగతి పక్కన పెట్టినా ఈ విషయంలో ఎవరి మాటా వినకండి, బీరువా పైన పెట్టా, దిండు కింద పెట్టా అనేవి దాచడం కాదు. గన్ మీ ఒంటి మీద ఉండాలి లేదా చిన్న లాక్ బాక్స్‌లో ఉండాలి, మధ్యలో ఇంకో చోటు లేదు. నా వరకు హ్యాండ్‌బ్యాగ్‌లో కూడా పెట్టను, బ్యాగ్ సోఫా మీద పడేస్తాం, పిల్లలు చాక్లెట్ కోసం చెయ్యి పెడతారు. మీ ఆవిడ ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే అయ్యుంటుంది, ముందు ఆ బాక్స్ కొని చూపించండి, ఆ తర్వాత గన్ మాట ఎత్తండి. ఎల్‌టీసీ క్లాసుకి ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళండి.

స్టోర్ సంగతి కొస్తే, వాడు అప్పటికే గన్ మీ మొహానికి గురిపెట్టి ఉంటే టీషర్ట్ ఎత్తి మీది తియ్యడం అయ్యే పని కాదు. క్యాష్ ఇచ్చెయ్యండి, డబ్బు మళ్ళీ వస్తుంది. గన్ మీకు పనికొచ్చేది ప్రాణం పోతుంది అనిపించి, ఇంకే దారీ లేనప్పుడు. క్యాష్ రోజూ ఒకే టైంకి ఒక్కరే మోసుకెళ్ళడం ముందు ఆపండి, టైం మార్చండి, ఇద్దరు వెళ్ళండి, లేదా రాత్రి డబ్బు స్టోర్‌లోనే డ్రాప్ సేఫ్‌లో వేసి పగలు తీసుకెళ్ళండి.

ఇర్వింగ్_తెలుగోడు:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. మా ఆవిడకి అక్క రాసింది చదివి వినిపించా, లాక్ బాక్స్ విషయం తనూ అదే అంది. 10 ఎంఎం ఆలోచన మానేశా. గ్లాక్ 17, 19 రెండూ మళ్ళీ రెంట్‌కి తీసుకుని కాల్చి ఏదో ఒకటి తీసుకుంటా, ఎల్‌టీసీ క్లాస్ ఇద్దరం బుక్ చేసుకున్నాం. బావతో కూడా మాట్లాడా, డ్రాప్ సేఫ్ పెట్టిస్తానన్నాడు. కారులో ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు?

కేటీ_మామ:

కారులో కూడా ఒంటి మీదే. సీటు కింద, కన్సోల్‌లో పెడితే ఒకరోజు మర్చిపోయి దిగిపోతావ్, కార్ల అద్దాలు పగలగొట్టి గన్‌లు ఎత్తుకుపోవడం ఇక్కడ మామూలే. ముందు వైపు, అపెండిక్స్ పొజిషన్‌లో పెట్టుకుంటే సీట్ బెల్ట్ కింది పట్టీ గన్ కిందికి రావాలి, చొక్కా దాని మీదకి లాగి ఉంచు. కూర్చున్నప్పుడు పొట్టలో గుచ్చుకుంటే 17 వద్దు, 19కి వెళ్ళు, అది రేంజ్‌లో నిలబడి కాలిస్తే తెలీదు, హోల్‌స్టర్ పెట్టుకుని ఖాళీ గన్‌తో ఇంట్లో కుర్చీలో కూర్చుని చూడాలి. పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీద పెట్టి, డ్రైవింగ్ లైసెన్స్‌తో పాటు ఎల్‌టీసీ కూడా చూపించాలి, చెయ్యి కదిపే ముందే గన్ ఎక్కడుందో చెప్పు.

ఓరుగల్లు_ప్లేనో:

ఇంకొకటి మరిచిపోయిన. రేంజ్‌కి ఏ బ్యాగ్ తీస్కపోతవో దాన్ని ఎప్పటికి ఇండియా ట్రిప్‌కి వాడొద్దు. బ్యాగ్ జేబుల ఒక్క బుల్లెట్ మిగిలున్నా ఎయిర్‌పోర్ట్ స్కానర్‌ల పడ్తది, ఇండియాల 1959 ఆయుధాల చట్టం కింద ఒక్క రౌండ్‌కి కూడ కేసు పెడ్తరు, పైగా 9 ఎంఎం అక్కడ ప్రొహిబిటెడ్ బోర్ (మామూలు జనానికి నిషేధించిన క్యాలిబర్), మామూలు లైసెన్స్ ఉన్నోళ్ళకి గూడ దొరకదు. కావాలని తేలేదని కోర్టుల చెప్పి బయటపడొచ్చు గానీ ఆ లోపల లీవ్ అయిపోతది, పాస్‌పోర్ట్ ఇరుక్కుంటది. వేరే రంగు బ్యాగ్ కొని గ్యారేజ్‌లనే పెట్టు.