డాలర్ పని అయిపోయిందంటున్నారు, అమ్మాయి ఫీజు ఆపి కట్టనా?

వనస్థలిపురం నాన్న:

అందరికీ నమస్కారం. మా అమ్మాయి టెక్సాస్‌లో ఎంఎస్ చదువుతోంది. ఆగస్టులో మొదటి సెమిస్టర్ ఫీజు కట్టినప్పుడు బ్యాంకు వాళ్లు డాలర్‌కు 88.40 వేశారు. రెండో సెమిస్టర్‌కు 11,400 డాలర్లు జనవరి రెండో వారంలోగా కట్టాలి. నిన్న బ్రాంచికి వెళ్లి అడిగితే 91.20 అన్నారు. అదే కాలేజీ, అదే ఫీజు, నాలుగు నెలల్లో దాదాపు ముప్పై రెండు వేలు ఎక్కువ.

కట్టేద్దామనుకుంటే మా బావమరిది అడ్డం పడ్డాడు. "బావా, తొందరపడకు. డాలర్ పని అయిపోయింది, నెల ఆగితే నువ్వే నాకు థ్యాంక్స్ చెప్తావ్" అంటాడు. రుజువులు కూడా పంపాడు. సౌదీ వాళ్లతో అమెరికాకు ఉన్న యాభై ఏళ్ల పెట్రోడాలర్ ఒప్పందం, అదే చమురు డాలర్లలోనే అమ్మాలన్నది, 2024 జూన్‌లో ముగిసిపోయిందట. బ్రిక్స్ దేశాల (బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనా లాంటివి) కొత్త నోటు వచ్చేసిందట, పుతిన్ పట్టుకున్న ఫొటో ఉంది. 2025లో డాలర్ పది శాతం పడిందని పేపర్ కటింగ్ కూడా పెట్టాడు. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఒక రూపాయికి ఒక డాలర్ వచ్చేదని, మళ్లీ ఆ రోజులు వస్తాయని చివర్లో కొసరు.

మా ఆవిడ తమ్ముడి మాటే వేదం అనుకుంటుంది, అది వేరే సంగతి. నాకు అర్థం కానిది ఒకటే. పేపర్లో డాలర్ పడిందని రాస్తారు, బ్యాంకుకెళ్తే పెరిగిందంటారు. ఇందులో ఏది నిజం? ఆగాలా, కట్టేయాలా?

గచ్చిబౌలి నైట్ షిఫ్ట్:

అంకుల్, ముందు మీ బావమరిది గారు ఏం పని చేస్తారో చెప్పండి. ఐటీ అయితే, ఆయన క్లయింటు ఏ కరెన్సీలో బిల్లు కడతాడో ఒకసారి అడగండి. డాలర్ కూలిపోతే మా ఫ్లోర్‌లో సగం మంది కుర్చీలు ఖాళీ అవుతాయి. మా మేనేజర్ రూపాయి 90 దాటిన రోజు ఎంత హుషారుగా ఉన్నాడో చూడాల్సింది. ఈ ఊళ్లో డాలర్ పెరిగితే ఏడ్చేది ఫీజులు కట్టే నాన్నలే, జీతాలు తీసుకునే మేం కాదు.

జీడిమెట్ల పర్చేజ్:

సార్, మీ బావమరిది పంపిన మూడింట్లో ఒకటి పుకారు, ఒకటి బొమ్మ, ఒకటి నిజం. నేను జీడిమెట్లలో ఒక చిన్న బల్క్ డ్రగ్ కంపెనీలో పంతొమ్మిదేళ్లుగా కొనుగోళ్లు చూస్తున్నాను. రోజూ పొద్దున టీ కన్నా ముందు చూసేది డాలర్ రేటే, కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను, ఏమీ అనుకోకండి.

పుకారు సౌదీది. 1974 జూన్‌లో అమెరికా, సౌదీ ఆర్థిక సహకారం కోసం ఉమ్మడి కమిషన్ ఒకటి పెట్టుకున్నాయి, అంతవరకు నిజమే. క్రూడ్‌ను డాలర్లలోనే అమ్మాలని, యాభై ఏళ్లకు గడువు తీరుతుందని అందులో ఎక్కడా లేదు. లేని ఒప్పందానికి వాట్సాప్ వాళ్లే గడువు తీర్చేశారు. పైగా సౌదీ తన రియాల్‌ను 1986 నుంచి ఒక డాలర్‌కు 3.75 దగ్గర కట్టేసి ఉంచింది. డాలర్‌ను వదిలేయాలనుకునేవాడు ముందు ఆ ముడి విప్పుకోవాలి కదా.

బొమ్మ ఆ బ్రిక్స్ నోటు. 2024 అక్టోబరులో కజాన్ సమావేశంలో పుతిన్ చేతిలో కనిపించింది, ఒక జ్ఞాపిక లాంటిది. దాంతో టీ కూడా రాదు. నోటు వేయాలంటే వెనక ఒక రిజర్వ్ బ్యాంకు ఉండాలి, బ్రిక్స్‌కు ఉమ్మడిగా అలాంటిది లేదు. షాంఘైలో ఉన్న న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు ప్రాజెక్టులకు అప్పులిస్తుంది, అంతే. మన విదేశాంగ మంత్రి జైశంకర్ గారే ఆ ఏడాది డిసెంబరులో దోహాలో, డాలర్‌ను పక్కన పెట్టాలన్న ఆలోచన ఇండియాకు ఎప్పుడూ లేదని చెప్పారు. చైనాతో సరిహద్దులో చూపులు కలవనివాళ్లం, జేబు కలుపుకుంటామా?

ఇక నిజం. 2025 మొదటి ఆరు నెలల్లో డాలర్ ఇండెక్స్ పది శాతానికి పైగా పడింది. ఆ ఇండెక్స్‌లో ఉన్నవి ఆరే కరెన్సీలు: యూరో, యెన్, పౌండు, కెనడా డాలర్, స్వీడన్ క్రోనా, స్విస్ ఫ్రాంక్. సగానికి పైగా తూకం యూరోదే. రూపాయికి అందులో చోటే లేదు. యూరో చేతిలో డాలర్ ఓడింది, డాలర్ చేతిలో మనం ఓడాం. ఆగస్టు చివర్లో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది, విదేశీ ఇన్వెస్టర్లు మన షేర్లు అమ్ముకుని డాలర్లు పట్టుకెళ్లారు, డిసెంబరులో రూపాయి 90 దాటింది. కాబట్టి పేపరూ అబద్ధం చెప్పలేదు, మీ బ్యాంకూ చెప్పలేదు.

అసలు డాలర్ ఎందుకు కదలదో నాకు పుస్తకాల్లో కాదు, 2023లో ఒక ఇన్వాయిస్‌తో అర్థమైంది. మా ముడిసరుకు చైనాలోని జెజియాంగ్ నుంచి వస్తుంది. ఆ సప్లయర్ ఒకరోజు, యువాన్‌లో కడితే ధరలో ఒక శాతం తగ్గిస్తానన్నాడు. నేను సంబరపడి బ్యాంకుకు వెళ్లాను. అక్కడి అమ్మాయి లెక్క వేసి చూపించింది. మన రూపాయలతో ముందు డాలర్ కొనాలి, ఆ డాలర్‌తో యువాన్ కొనాలి, రెండు చోట్లా బ్యాంకు మార్జిన్ ఉంటుంది. అన్నీ కలిపితే ఆ ఒక శాతం పోగా ఎదురు మేమే కట్టాలి. పోనీ ఫార్వర్డ్ కవర్, అంటే రేటు ముందే ఖాయం చేసుకునే ఒప్పందం, తీసుకుందామంటే డాలర్‌కు దొరికినంత సులువుగా యువాన్‌కు దొరకదు. ఇంకో సంగతి. మా మందు కొనే బ్రెజిల్, నైజీరియా పార్టీలు మాకు డాలర్లే పంపుతారు. అవి మా ఈఈఎఫ్‌సీ ఖాతాలో (ఎగుమతిదారులు విదేశీ డబ్బు ఉంచుకునే ఖాతా) పడతాయి, రూపాయల్లోకి మార్చకుండానే అందులోంచి చైనా వాడికి పంపేస్తాం. అమెరికాకు ఇందులో ఏ సంబంధమూ లేదు. అమ్మేవాడు చైనావాడు, కొనేది జీడిమెట్లలో, తినేది నైజీరియాలో. మధ్యలో తిరిగేది మాత్రం డాలర్. మా ఎండీకి ట్రంప్ అంటే మంట, అయినా సంతకం పెట్టేది డాలర్ ఇన్వాయిస్ మీదే.

అందుకే డాలర్ పడిపోతోందా అని అడిగినప్పుడు నేను రెండు ముక్కలు చేస్తాను. దాచుకునే డాలర్ వేరు, వాడుకునే డాలర్ వేరు. దేశాలు దాచుకునే విదేశీ నిల్వల్లో డాలర్ వాటా పాతికేళ్ల కింద 71 శాతం దగ్గర ఉండేది, 2024 చివరికి 58 దగ్గరికి వచ్చింది. అది నిజంగా తగ్గుదలే. అదే కరెన్సీ మార్కెట్లో జరిగే కొనుగోళ్లు, అమ్మకాలు చూస్తే, 2025 ఏప్రిల్ లెక్క ప్రకారం వందలో 89 చోట్ల ఒక పక్క డాలర్ ఉంది. మూడేళ్ల ముందు 88. దాచుకునేవాళ్లు తగ్గించుకుంటున్నారు, వాడేవాళ్లు మానలేదు. మీ అమ్మాయి ఫీజు రెండో రకం.

గచ్చిబౌలి నైట్ షిఫ్ట్:

అన్నా, ఇన్వాయిస్ కథ బాగుంది గానీ ఒక మాట ఒప్పుకోను. 2022లో రష్యా యుద్ధం మొదలుపెట్టగానే దాదాపు 300 బిలియన్ డాలర్ల విలువైన రష్యా నిల్వల్ని అమెరికా, దాని మిత్రదేశాలు కదలకుండా ఆపేశాయి. ఎవరి డబ్బైనా అలా ఆపొచ్చని తెలిశాక ఇంకెవరు నమ్ముతారు? సెంట్రల్ బ్యాంకులు 2022 నుంచి మూడేళ్లు వరసగా ఏటా వెయ్యి టన్నులకు పైగా బంగారం కొన్నాయి, ఊరికే కొంటాయా? మీరు అలవాటు గురించి మాట్లాడుతున్నారు, నేను భయం గురించి.

కోఠి ఫారెక్స్ అమ్మమ్మ:

బాబూ, నీ మాటలో న్యాయం ఉంది. నేను ముప్పై రెండేళ్లు బ్యాంకులో చేసి రిటైరయ్యాను, అందులో చాలా ఏళ్లు కోఠిలో ఫారిన్ ఎక్స్ఛేంజ్ సెక్షన్‌లోనే. కాకపోతే ఆ ఆపేయడం 2022లో కనిపెట్టినది కాదు, మనకే జరిగింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ మనకు వంద కోట్ల పౌండ్లకు పైనే బాకీ. మన సైన్యం, మన సరుకు వాడుకుని, లండన్‌లో మన పేరున రాసిపెట్టిన డబ్బు. స్వాతంత్ర్యం వచ్చాక తీసుకోబోతే ఒక్కసారిగా ఇవ్వలేమన్నారు, విడతల వారీగా వదిలారు. ఇంతలో 1949లో పౌండు విలువ 30 శాతం తగ్గించారు. మనమూ వెంటే తగ్గించుకున్నాం, 3.30 ఉన్న డాలర్ 4.76 అయింది. నాన్న గారూ, మీ బావమరిదికి ఇదీ చెప్పండి. 1947లో డాలర్‌కు 3.30 రూపాయలు, ఒక రూపాయి కాదు.

అంత అన్యాయం జరిగినా మనం పౌండును వెంటనే వదల్లేదు. రూపాయి పౌండు ముడిని పూర్తిగా విప్పుకున్నది 1975లోనే. కోపం ఒక రోజులో వస్తుంది, ఖాతాలు మార్చడానికి పాతికేళ్లు పడుతుంది.

బంగారం సంగతి నాకు బాగా గుర్తు. 1991 జులైలో, పీవీ గారు ప్రధాని అయిన రెండు మూడు వారాల్లో, రిజర్వ్ బ్యాంకు 47 టన్నుల బంగారం తాకట్టుకు పంపింది. చేతిలో ఉన్న డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకే సరిపోయే పరిస్థితి. ఆ రోజుల్లో విదేశాలకు వెళ్లే పిల్లలకు డాలర్లు ఇవ్వాలంటే ఎన్ని కాగితాలో. ఇచ్చిన ప్రతి డాలరూ పాస్‌పోర్టులో రాసి ముద్ర వేసేవాళ్లం. కౌంటర్ దగ్గర తండ్రులు చేతులు కట్టుకుని నిలబడేవారు, నాకే సిగ్గనిపించేది. 2024లో రిజర్వ్ బ్యాంకు లండన్ నుంచి వంద టన్నులు వెనక్కి తెచ్చుకుందని చదివినప్పుడు ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. నీ భయం మన వాళ్లకూ ఉందన్నమాట. ఉండాలి కూడా.

అయినా తప్పించుకునే దారులు చూడు ఎలా ఉన్నాయో. రష్యా క్రూడ్‌కు మన కంపెనీలు కొంత దిర్హమ్‌లలో కట్టాయి. దిర్హమ్ అంటే ఏమిటి? 1997 నుంచి డాలర్‌కు 3.6725 దగ్గర బిగించిన యూఏఈ నాణెం. ముసుగేసుకున్న డాలరే. రూపాయల్లో కడితే 2023 మేలో గోవా వచ్చిన రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ గారు, మీ బ్యాంకుల్లో మా రూపాయలు వందల కోట్లు పడి ఉన్నాయి, వాటితో ఏం చేసుకోవాలి అన్నారు. మన దగ్గర వాళ్లు కొనుక్కునేది తక్కువ, అదే చిక్కు.

మా నాయనమ్మది శాలిబండ. ఆమెకు రెండు రూపాయలు తెలుసు. నిజాం చార్మినార్ బొమ్మ ఉన్న హాలి సిక్కా ఒకటి, ఇండియా కల్దార్ ఒకటి. ఏడు హాలికి ఆరు కల్దార్. 1948లో నిజాం పాలన పోయింది. సిక్కా చెల్లదని ప్రకటించింది మాత్రం 1959లో. రాజ్యమే లేని డబ్బు పదేళ్లు నడిచింది ఈ ఊళ్లో. నాయనమ్మ అయితే నేను బళ్లో చేరాక కూడా కూరగాయల బేరం హాలిలో చేసి, కల్దార్‌లో ఇచ్చేది. కూరగాయలావిడ కూడా మారు మాట్లాడకుండా అదే లెక్కలో సమాధానం చెప్పేది.

జీడిమెట్ల పర్చేజ్:

అమ్మా, రష్యా రూపాయలు మా దగ్గరికీ వచ్చాయి. అక్కడి పార్టీ ఒకరు 2023లో వోస్ట్రో ఖాతా (విదేశీ బ్యాంకు మన బ్యాంకులో పెట్టుకునే రూపాయల ఖాతా) నుంచి కట్టారు, మాకు ఏ ఇబ్బందీ లేదు. రూపాయి తీసుకోవడం మనకు సులువు, ఎదుటివాడికే కష్టం. మీరన్న చిక్కు అదే. నైట్ షిఫ్ట్ తమ్ముడూ, భయం నిజమని ఒప్పుకుంటున్నాను. పదేళ్లలో ఆ 58 ఇంకా దిగొచ్చు. కానీ అది దిగినంత మాత్రాన మన రూపాయి ఎక్కుతుందని లేదు.

నాన్న గారూ, పని మాట. జనవరి గడువు పెట్టుకుని ప్రపంచ రాజకీయాల మీద పందెం కాయకండి. సగం ఈ వారం, సగం గడువుకు పది రోజుల ముందు కట్టండి, కాలేజీ రెండు విడతలు ఒప్పుకుంటేనే. బ్యాంకు వాడు చెప్పిన 91.20 కార్డు రేటు, అంటే బేరం ఆడని వాళ్లకు చెప్పే బోర్డు రేటు. మార్కెట్ రేటుకు, దానికి తేడా ఎంతో అడగండి, బేరం ఆడండి. పది పైసలు తగ్గించినా 1,140 రూపాయలు. ఎడ్యుకేషన్ లోన్ నుంచి పంపితే టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) ఉండదు, అది కూడా చూసుకోండి.

వనస్థలిపురం నాన్న:

అందరికీ ధన్యవాదాలు. పొద్దున బ్రాంచికి వెళ్లాను. కార్డు రేటు అన్న మాట నా నోట విని మేనేజర్ గారు కుర్చీ చూపించారు. ముప్పై పైసలు తగ్గించారు. కాలేజీ రెండు విడతలు కుదరదంది, అందుకని మొత్తం కట్టేశాను.

అమ్మమ్మ గారి జవాబు మా బావమరిదికి చదివి వినిపించాను. పౌండు దగ్గర ఏమీ మాట్లాడలేదు. అంతా విని, "సరే బావా, ఆ హాలి సిక్కా నాణేలు మీ ఇంట్లో ఎక్కడైనా ఉన్నాయా, ఆన్‌లైన్‌లో మంచి రేటుందట" అన్నాడు.