కాన్ఫరెన్స్ బలం లెక్క: సగటు తీయాలా, మీడియన్ తీయాలా?

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ 2024-25 పురుషుల సీజన్‌లో పెద్ద కాన్ఫరెన్స్‌లను (కాలేజీ జట్ల లీగ్‌లను) ఒకే కొలతతో పోల్చాలి. ఎస్ఈసీ అనే కాన్ఫరెన్స్‌తో పేచీ లేదు: దాని 16 జట్లలో 14 ఎన్‌సీఏఏ టోర్నీకి (జాతీయ ఛాంపియన్‌షిప్‌కి) వెళ్లాయి, ఏసీసీ అనే మరో కాన్ఫరెన్స్‌తో డిసెంబర్ ఛాలెంజ్‌లో 14 గెలిచి 2 ఓడింది. చిక్కంతా బిగ్ టెన్, బిగ్ 12, ఏసీసీల దగ్గరే.

బయటి కాన్ఫరెన్స్‌లతో ఆడిన మ్యాచ్‌లే తీసుకున్నాను. డివిజన్-1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కాని ప్రత్యర్థులను తీసేసి, హోమ్ కోర్టుకి 3 పాయింట్లు తగ్గించి, పాయింట్ల తేడాను ప్రత్యర్థి బలాన్ని బట్టి సవరించాను. లోపలి మ్యాచ్‌లు కలిపి లాభం లేదు, ఒకరి గెలుపు పక్కవాడి ఓటమే కదా.

ఇక్కడే తేడా కొడుతోంది. 18 జట్ల బిగ్ టెన్‌లో అట్టడుగు జట్టు ఒక్కటి ఇంకో 18 పాయింట్లు పడిపోతే సగటు ఒక పాయింటు దిగుతుంది, మీడియన్ (వరుసలో సరిగ్గా మధ్య విలువ) మాత్రం కదలదు. పోనీ మీడియన్ తీద్దామంటే, పైనున్న నాలుగు జట్లు ఎంత బలమైనవో అందులో కనబడదు.

కాలేజీ బాస్కెట్‌బాల్ జట్లకు రేటింగ్‌లిచ్చే సైట్ కెన్‌పామ్ పద్ధతి వేరు: ఆ లీగ్‌లో అందరితో ఆడి సరిగ్గా సగం గెలవగల జట్టుకి ఎంత రేటింగ్ ఉండాలో చూస్తుంది. దీన్ని ఎక్సెల్‌లో గోల్ సీక్‌తో (కావాల్సిన ఫలితానికి ఏ విలువ పెట్టాలో వెతికే సాధనం) రాబట్టవచ్చా? పాయింట్ల తేడాను గెలుపు అవకాశంగా మార్చడానికి స్టాండర్డ్ డీవియేషన్ 11 పెట్టాను, సరేనా? 40 పాయింట్ల ఏకపక్ష గెలుపులకి ఎక్కడ కోత పెడతారు?

క్వాడ్-1 గెలుపులు (ఎన్‌సీఏఏ లెక్కలో అత్యంత కఠినమైన మ్యాచ్‌ల్లో గెలుపులు) లెక్కపెట్టమని మాత్రం చెప్పకండి. హోమ్‌లో 1-30, తటస్థ వేదికపై 1-50, బయట 1-75 ర్యాంకుల ప్రత్యర్థులు కాబట్టి బలమైన లీగ్‌కి అలాంటి మ్యాచ్‌లు ఎలాగూ ఎక్కువే దొరుకుతాయి.