దాచారంటే ఉన్నట్టేనా?

ప్రశ్న: 1947లో అమెరికాలోని రాస్‌వెల్ ఊరి దగ్గర పడింది వాతావరణ బెలూన్ అన్నారు, 1994లో మాట మార్చి సోవియట్ అణు పరీక్షల్ని పసిగట్టడానికి వదిలిన మొగల్ ప్రాజెక్ట్ బెలూన్ అన్నారు. ఇలాంటి అమెరికా ప్రభుత్వాన్ని ఎగిరే పళ్ళాల విషయంలో ఎలా నమ్మాలి?

జవాబు 1: అబద్ధమాడారు, నిజమే, కానీ దాచింది గూఢచర్యాన్ని. ఎగిరే పళ్ళాల ఫిర్యాదులపై అమెరికా వైమానిక దళం దర్యాప్తు చేసిన బ్లూ బుక్ ప్రాజెక్ట్‌లో 12,618 కేసులకు 701 తేలలేదు. తేలలేదంటే తెలియదని, అంతే.

జవాబు 2: మరి 2004లో అమెరికా విమాన వాహక నౌక నిమిట్జ్ పైలట్లు చూసింది? రెక్కల్లేవు, పొగ లేదు, తెల్లగా టిక్ టాక్ పిప్పరమెంటు బిళ్ళలా ఉందన్నారు. రాడార్ డేటా మొత్తం బయటపెట్టొచ్చుగా!

జవాబు 1: పెడితే ఆ రాడార్ సత్తా ఎంతో శత్రువుకీ తెలిసిపోతుంది బాబూ. మనుషులు చేయని వాహనాలు ప్రభుత్వం దగ్గరున్నాయని 2023లో మాజీ నిఘా అధికారి గ్రష్ అమెరికా కాంగ్రెస్ ముందు ప్రమాణం చేసి చెప్పింది కూడా ఇతరుల దగ్గర విన్నదే, కళ్ళారా చూసింది కాదు. ఒక్క లోహపు ముక్క ల్యాబ్‌కి రానీ, నేనూ మీవైపే.